గల్ఫ్, సింగపూర్ వెళ్లే మన కుర్రాళ్లకి: విమానం దగ్గర హక్కులు, దిగాక అన్నం

మొన్న మా మేనల్లుడు పాస్‌పోర్టు, వీసా కాగితం, టికెట్ ప్రింటవుట్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మావయ్యా, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూడు" అన్నాడు. టికెట్ తీసుకుని నేను ముందు చూసింది తేదీ కాదు, టైమూ కాదు. ఫోన్ నంబర్. అది వాడిది కాదు, ఏజెంటుది.

వాడు వెళ్లేది సౌదీలో దమ్మామ్, పైప్ ఫిట్టర్‌గా. నేనూ అదే పని మీద పదకొండేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాను. మా శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు ఈ కబుర్లు లేని ఇల్లు తక్కువ. ఎవరికి వీసా వచ్చింది, ఎవరి మెడికల్ పోయింది, ఎవరు సెలవుకి వస్తున్నారు, ఇవే మాటలు. కానీ విమానం లేటైతే ఎవర్ని ఏం అడగాలో, దిగిన మొదటి వారం అన్నం ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు కనబడరు. వెళ్లొచ్చినవాళ్లు పడ్డ పాట్లని నవ్వుతూ చెప్పి వదిలేస్తారు. వాడికి చెప్పినవన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను.

టికెట్ చేతికి రాగానే

మొదటి పని, బుకింగ్‌లో మీ సొంత మొబైల్ నంబరు, మీ ఈమెయిల్ ఉండేలా చూసుకోవడం. ఏజెంట్లు చెడ్డవాళ్లని కాదు. రోజుకి పది, ఇరవై టికెట్లు కొడతారు, అన్నింటికీ తమ నంబరే ఇచ్చేస్తారు. విమానం టైము మారినా, రద్దయినా మెసేజ్ ఆ నంబరుకే పోతుంది. ఆ మనిషి ఆ రోజు పెళ్లిలో ఉంటే మీకు ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గరే తెలుస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం, కబురు చెప్పడానికి సరిపడా వివరాలు ప్రయాణికుడు ఇవ్వకపోతే విమానం రద్దయినా నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. అంటే ఎవరో చేసిన బద్ధకానికి మీకు రావలసిన డబ్బు పోతుంది.

విమాన సంస్థ వెబ్‌సైట్‌లో పీఎన్‌ఆర్ (టికెట్ మీదుండే బుకింగ్ నంబరు), ఇంటిపేరు కొడితే మీ బుకింగ్ కనబడుతుంది. చాలా సంస్థలు అక్కడే నంబరు మార్చుకోనిస్తాయి. కుదరకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చేర్పించండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కోసారి ఖాళీగా ఉంటుంది, ఒక్కోసారి అసలు పేరు ఇంటిపేరు గడిలో పడుతుంది. టికెట్ మీద ఎలా ఉందో చూసి అలాగే కొట్టండి. అసలు టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

రెండో పని, పీఎన్‌ఆర్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. విశాఖ నుంచి ముంబైకి ఒక టికెట్, ముంబై నుంచి గల్ఫ్‌కి ఇంకో టికెట్ విడివిడిగా కొడితే కాస్త చవకగా వస్తుంది. చిక్కు అక్కడే. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండి, మొదటిది లేటై రెండోది తప్పిపోతే మిమ్మల్ని గమ్యానికి చేర్చాల్సిన బాధ్యత సంస్థదే. వేరు వేరు పీఎన్‌ఆర్‌లైతే రెండో సంస్థ దృష్టిలో మీరు టైముకి రాని మనిషి, అంతే. కొత్త టికెట్ మీ డబ్బుతో కొనుక్కోవాలి. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చెయ్యాలి. విడి టికెట్లు తప్పనిసరైతే మధ్యలో కనీసం ఏడెనిమిది గంటలు ఉంచుకోండి. నా మొదటి ప్రయాణానికి పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముందు రోజే ముంబై చేరాను. ఒళ్లు హూనమైంది గానీ టెన్షన్ లేదు.

మూడోది, ఏజెంటుకి ఇచ్చిన డబ్బుకి రశీదు. టికెట్ మీద బేస్ ఫేర్ (టికెట్ అసలు ధర), ఇంధన చార్జీ, పన్నులు విడివిడిగా కనబడాలి. నష్టపరిహారం లెక్కంతా ఆ బేస్ ఫేర్ మీదే ఆధారపడుతుంది.

సంచిలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఈ విషయంలో మాత్రం అమ్మలతో, అత్తలతో పోట్లాట తప్పదు.

చివరిసారి వెళ్లినప్పుడు విశాఖలో చెక్-ఇన్ అయిపోయింది, బ్యాగు బెల్టు మీద పోయింది. పది నిమిషాలకి నా పేరు పిలిచారు. లోపలికి తీసుకెళ్లి బ్యాగు విప్పమన్నారు. లుంగీలో చుట్టి, దాని మీద తువ్వాలు కప్పి అరడజను ఎండుకొబ్బరి చిప్పలు! అమ్మ నాకు చెప్పకుండా పెట్టేసింది. ఉద్దానం కొబ్బరి, మా దొడ్లోదే. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని అది ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది. చెక్-ఇన్ సామానులో పనికిరాదు. అక్కడి ఉద్యోగి చిప్పలన్నీ తీసి ప్లాస్టిక్ డబ్బాలో పడేశాడు. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

కొబ్బరి పోతే పోయింది, గసగసాలు దొరికితే మనిషే ఇరుక్కుంటాడు. యూఏఈ, సౌదీ, ఖతర్ లాంటి గల్ఫ్ దేశాల్లో, సింగపూర్‌లో కూడా గసగసాలు నిషేధం. మాదకద్రవ్యాల కింద లెక్క. విడిగా పొట్లం కట్టకపోయినా, ఇంట్లో దంచిన మసాలా పొడిలో వేశారేమో తప్పక అడగండి. అనుమానం ఉంటే ఆ పొడి ఇంట్లోనే వదిలెయ్యండి. నొప్పి మాత్రల్లో ట్రమడాల్ లాంటివి కూడా అంతే. డాక్టరు చీటీ లేకుండా మందులు పెట్టుకోవద్దు, చీటీ ఉన్నా ఆ దేశం అనుమతి అడుగుతుందేమో ముందే చూసుకోండి. గుట్కా, ఖైనీ మానెయ్యండి. సింగపూర్‌లో నమిలే పొగాకు పూర్తిగా నిషేధం. పక్కింటివాళ్లు "మా వాడికి ఇచ్చెయ్ బావూ" అని ఇచ్చిన మూటని వాళ్ల ముందే విప్పి చూడండి. వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఆవకాయ, మాగాయ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. చేతి సంచిలో నూనె పచ్చడి ఆపేస్తారు. డబ్బా మూత టేపుతో చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, పాత బట్టల మధ్య పెట్టండి. పలాస జీడిపప్పుకి గొడవ లేదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేస్తే మళ్లీ పేరు పిలుస్తారు. చేతి సంచిలో జంతికలో, చేగోడీలో కాసిని పెట్టుకోండి. విమానం లేటైతే పనికొస్తాయి.

విమానం లేటైతే

లేటైతే అన్నం పెట్టడం సంస్థ దయ కాదు, బాధ్యత. ఎన్ని గంటలు లేటైతే పెట్టాలన్నది ప్రయాణం ఎంతసేపన్న దాని మీద ఉంటుంది. రెండున్నర గంటల్లోపు ప్రయాణమైతే, అంటే విశాఖ నుంచి హైదరాబాద్, ముంబై లాంటివైతే, 2 గంటలు లేటవగానే తిండి, నీళ్లు ఇవ్వాలి. రెండున్నర నుంచి 5 గంటల ప్రయాణమైతే 3 గంటల లేటుకి. హైదరాబాద్ నుంచి దుబాయ్ ఈ లెక్కలోకి వస్తుంది. అంతకంటే దూరమైతే, జెడ్డా లాంటివి, 4 గంటలకి. మీరు టైముకి చెక్-ఇన్ చేసి ఉండాలి, అదొక్కటే షరతు.

24 గంటలు దాటి లేటైతే హోటల్ గది, అక్కడికి తీసుకెళ్లే బండి కూడా ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయల్దేరాల్సిన విమానమైతే 6 గంటలు దాటితే చాలు, గది ఇవ్వాలి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా ఆ వేళల్లోనే ఉంటాయి కాబట్టి ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి.

నాకు ఈ సంగతి తెలిసింది ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో, నేల మీద కూర్చుని. రాత్రి 11కి వెళ్లాల్సిన విమానం పొద్దున్న 7 అన్నారు. మేం ముప్పై మందిమి దాకా ఉంటాం, అంతా సైట్ పనివాళ్లమే. బోర్డు మీద టైము చూశాం, చెప్పులు విప్పి బ్యాగులు తల కింద పెట్టుకున్నాం. ఒకడు అమ్మ కట్టిన పులిహోర విప్పితే నలుగురం పంచుకున్నాం. ఎవ్వరం ఏమీ అడగలేదు. అడగాలని తోచలేదు. అప్పుడు ఒక మలయాళీ పెద్దాయన లేచి కౌంటరు దగ్గరికెళ్లి, అరవలేదు, గొడవ చెయ్యలేదు, ఫోన్‌లో ఆ నిబంధన పేజీ తీసి చూపించాడు. పావుగంటలో తిండి కూపన్లు వచ్చాయి, గంటన్నరకి బస్సు వచ్చింది. హోటల్లో మంచం మీద పడుకుని పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ అనుకున్నాను, ఆయన లేకపోతే ముప్పై మందిమీ తెల్లార్లూ నేల మీదే ఉండేవాళ్లం కదా అని.

కౌంటరు దగ్గర నోటిమాట కాకుండా, ఆలస్యానికి కారణం, కొత్త టైము కాగితం మీద గానీ ఈమెయిల్‌లో గానీ రాసి ఇమ్మనండి. కంపెనీలో చేరాల్సిన తేదీ దాటిపోతే ఆ కాగితమే మీకు ఆధారం. బోర్డు ఫోటో తీసుకోండి. బోర్డింగ్ పాసు పారెయ్యకండి. కూపన్ ఇవ్వకపోతే మీరు కొనుక్కున్న తిండి బిల్లు జాగ్రత్తగా ఉంచండి.

తుఫాను, దట్టమైన పొగమంచు, భద్రతా కారణాలు లాంటివి సంస్థ చేతిలో లేనివి. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి విశాఖ ఎయిర్‌పోర్టు కప్పే లేచిపోయింది, అలాంటి వాటికి ఎవరూ పరిహారం ఇవ్వరు. కానీ "ఆపరేషనల్ కారణాలు" అని ఒక్క ముక్క చెప్పి తప్పించుకోబోతే, ఆ కారణమేంటో రాసిమ్మని నిలబడండి.

రద్దు, ఎక్కనివ్వకపోవడం

రద్దు సంగతి కనీసం రెండు వారాల ముందు చెబితే వేరే విమానం గానీ మీ డబ్బు గానీ ఇస్తారు, పరిహారం ఉండదు. రెండు వారాల లోపు చెప్పినా, 24 గంటల ముందు వరకూ అయితే అంతే. ఆ గడువులోగా చెప్పకుండా రద్దు చేస్తే పై రెండింట్లో ఒకటి ఇస్తూనే పరిహారం కూడా ఇవ్వాలి. గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, 2 గంటల వరకూ 7,500, అంతకు మించితే 10,000. లేదా ఒకవైపు బేస్ ఫేరు, ఇంధన చార్జీ కలిపినది. రెండింట్లో ఏది తక్కువైతే అది.

సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మి, ఖరారైన టికెట్ ఉన్నా "సీటు లేదు" అనడం ఇంకో రకం. అప్పుడు సంస్థ ముందు స్వచ్ఛందంగా ఆగేవాళ్లని అడగాలి. మీకు ఆగడం ఇష్టం లేకపోతే, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. బలవంతంగా ఆపితే, గంటలోపు బయల్దేరే వేరే విమానం ఇస్తే పరిహారం లేదు. 24 గంటల్లోపు ఇస్తే బేస్ ఫేరు, ఇంధన చార్జీకి రెండు రెట్లు, గరిష్ఠంగా 10,000. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. వేరే విమానం వద్దంటే టికెట్ డబ్బు మొత్తం, దాని మీద ఆ నాలుగు రెట్లు, అదే 20,000 పరిమితితో.

ఇవి మన డీజీసీఏ లెక్కలు. విదేశీ సంస్థ అయితే తమ దేశపు నిబంధన చూపించవచ్చు. దుబాయ్ నుంచి వచ్చే విమానం మన సంస్థదా, వాళ్లదా అన్నది అందుకే చూసుకోవాలి.

మీరే టికెట్ రద్దు చేసుకున్నా పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు తిరిగి ఇవ్వాల్సిందే. "నాన్ రిఫండబుల్" అని ఏజెంటు చెప్పినా సరే, ఆ భాగం మీదే. రద్దు చార్జీ బేస్ ఫేరు, ఇంధన చార్జీ మొత్తాన్ని మించకూడదు. డబ్బు బదులు "తర్వాత వాడుకోండి" అని సంస్థ ఖాతాలో జమ చేస్తామంటే, ఒప్పుకోవాలో వద్దో మీ ఇష్టం. ఏజెంటు దగ్గర కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదే.

సామాను రాకపోతే

బెల్టు తిరుగుతూనే ఉంటుంది, మీ బ్యాగు రాదు. ఆ హాలు దాటి బయటికి రాకండి. అక్కడే బ్యాగేజీ కౌంటరులో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించి నంబరు తీసుకోండి. బయట కంపెనీ డ్రైవరు హారన్ కొడుతున్నా సరే. బోర్డింగ్ పాసుకి అంటించిన చిన్న ట్యాగు చీటీ అప్పుడు కావాలి.

అంతర్జాతీయ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. 2009లో మన దేశం అందులో చేరింది. బ్యాగు పగిలితే చేతికొచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 21 రోజులకీ రాకపోతే పోయినట్టే లెక్క. ఆ ఒప్పందం కింద సామానుకి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క, మన రూపాయల్లో లక్షన్నర దాటుతుంది. అంత వస్తుందని కాదు, పోయిన వస్తువుల విలువ చూపించుకోవాలి. కాబట్టి బయల్దేరే ముందు బ్యాగు తెరిచి ఒక ఫోటో, మూసి ఒక ఫోటో తీసుకోండి. కోర్టుకెళ్లాలంటే రెండేళ్ల గడువు. బంగారం, సర్టిఫికెట్లు, డబ్బు చెక్-ఇన్ బ్యాగులో పెట్టడం మాత్రం మన తప్పే.

ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి

ముందు విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్. వెబ్‌సైట్‌లో పేరు, అడ్రసు ఉంటాయి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్‌లో పెట్టండి. 2016లో ఇది మొదలైనప్పుడు పౌర విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. 2024 జూన్‌లో అదే శాఖ శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారికి వచ్చింది. రెండు జిల్లాల నుంచీ మంత్రులొచ్చారు, ఫిర్యాదు పెట్టేవాళ్లే మనలో తక్కువ.

రాసేటప్పుడు కష్టాలు, కోపాలు వద్దు. మేనల్లుడి ఫోన్‌లో నేను పెట్టించిన నమూనా ఇదీ: "ఫలానా పీఎన్‌ఆర్, ఫలానా తేదీ, ఫలానా విమానం. బయల్దేరాల్సిన టైము రాత్రి 11. బయల్దేరింది పొద్దున్న 7. భోజనం, గది అడిగాను, ఇవ్వలేదు. తిండికి ఇంత ఖర్చయింది, బిల్లు జతచేశాను. ఈ మొత్తం ఇప్పించగలరు." అంతే. ఇంగ్లీషులో రాయాల్సి వస్తే నెట్ సెంటర్ కుర్రాడి చేత రాయించండి.

అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పొచ్చు. ఆఖరున జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, అంటే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో. సంస్థ ఆఫీసు ఢిల్లీలో ఉందని భయపడక్కర్లేదు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు.

దిగాక అన్నం

ముందు కాంట్రాక్టు కాగితం చూడండి. "భోజనం కంపెనీది" అని ఉందా, "భోజన భత్యం" అని ఉందా? మొదటిదైతే క్యాంపు మెస్సులో ఏది పెడితే అది తినాలి. రెండోదైతే డబ్బు చేతికొస్తుంది, వంట మీదే. నలుగురు మనవాళ్లు ఉంటే రెండోదే మేలంటాను. చారులో ఇంగువ ఎంత వెయ్యాలో మీ చేతిలో ఉంటుంది.

మొదటి వారం ఎటూ బయట తినాలి. గల్ఫ్‌లో ఎక్కడ దిగినా మలయాళీ హోటల్ దొరుకుతుంది. లావు బియ్యం అన్నం, పరోటా, చేపల కూర. కూరలో కొబ్బరి తగులుతుంది, ఉద్దానం వాళ్లకి అది కొత్త కాదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మాత్రం అక్కడ అడగకండి. తెలుగు భోజనం కావాలంటే మనవాళ్లు చేరే పేటలు వెతకాలి. దుబాయ్‌లో కరామా, బర్ దుబాయ్, రియాద్‌లో బత్హా, మస్కట్‌లో రువీ, కువైట్‌లో ఫర్వానియా, ఫహాహీల్. సెలవు రోజు మధ్యాహ్నం ఆ వీధుల్లో నడుస్తూ ఉండండి, తెలుగు మాట వినబడిన హోటల్లోకి వెళ్లిపోండి. ఇంటర్నెట్‌లో చుక్కల రేటింగ్ కంటే ఇదే నమ్మకం.

నెలవారీ మెస్సులో చేరేముందు రెండు రోజులు విడిగా డబ్బిచ్చి తినండి, అందులో శుక్రవారం రాకుండా చూసుకోండి. శుక్రవారం బిరియానీ ఎవడైనా బాగానే వండుతాడు. మంగళవారం రాత్రి పప్పు ఎలా ఉందో చూడాలి. రెండోసారి అన్నం అడిగితే పెడతారా, రాత్రి షిఫ్టుకి పార్సిల్ కడతారా, సెలవుకి ఇంటికెళ్తే ఆ రోజులు తగ్గిస్తారా అడగండి. ఖాతాకి హామీగా పాస్‌పోర్టు గానీ ఐడీ కార్డు గానీ ఎవరికీ ఇవ్వకండి. రంజాన్ నెలలో పగటిపూట నలుగురి ముందు తినడం, నీళ్లు తాగడం వద్దు. సైట్‌లో మనవాళ్లకి వేరే చోటు చూపిస్తారు. సౌదీ, కువైట్‌లో మనలాంటి పనివాళ్లకి మందు నిషేధం, దొంగచాటు సరుకు జోలికి అసలు పోవద్దు.

సింగపూర్ వేరే లోకం. సెరంగూన్ రోడ్డు, రేస్ కోర్స్ రోడ్డు చుట్టూ లిటిల్ ఇండియా. ఆదివారం మన పనివాళ్లంతా అక్కడే. చవకగా కావాలంటే టెక్కా సెంటర్‌లాంటి హాకర్ సెంటర్లకి, అంటే చిన్న తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండేవాటికి, వెళ్లండి. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే దాని మీద సర్వీస్ చార్జీ, 9 శాతం జీఎస్‌టీ పడతాయి. హాకర్ సెంటర్‌లో ఆ గొడవ ఉండదు. తిన్నాక ట్రే తీసుకెళ్లి దాని చోట పెట్టాలి, 2021 సెప్టెంబరు నుంచి పెట్టకపోతే ముందు హెచ్చరిక, తర్వాత జరిమానా. 2013 డిసెంబరులో లిటిల్ ఇండియాలో జరిగిన అల్లర్ల తర్వాత సింగపూర్‌లో మందు మీద నియమాలు గట్టివయ్యాయి. ఊరంతా రాత్రి పదిన్నర దాటితే బహిరంగంగా తాగకూడదు, లిటిల్ ఇండియాలో శనివారం పొద్దున్న 7 నుంచి సోమవారం పొద్దున్న 7 వరకూ అసలే వద్దు. మలేషియా వెళ్లేవాళ్లు కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేట వెతకండి, అరటాకు భోజనం దొరుకుతుంది. రాత్రి ఎంత పొద్దుపోయినా తమిళ ముస్లింల మామక్ కొట్లు తెరిచి ఉంటాయి. రోటీ చనాయ్ అని అడిగితే మన పరోటాకి తమ్ముడులాంటిది పప్పులో ముంచుకోవడానికి ఇస్తారు.